మొత్తం కలిపి తూచాలి

సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అంతకుముందు మాదాపూర్ రాళ్ళ మధ్య ఖాళీ నేలలో మా బ్యాచ్ రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేసేది. అందరం చందాలేసుకుని కొన్న ఇంజను ఒక్కటే. అది కూలితే ఆ ఏడాదికి ఆట ముగిసినట్టే. అందుకే ముందు బరువు చూసేవాళ్ళం.

ఈ లెక్క విమానమంత పాతది. 1903లో రైట్ సోదరులు తేలిక కోసమే ఇంజను దిమ్మను అల్యూమినియంతో పోత పోయించారు. 1947లో గ్లో ప్లగ్ మార్కెట్లోకి రావడంతో చిన్న విమానాల మీంచి కాయిల్, కండెన్సర్, బ్యాటరీల బరువు దిగిపోయింది.

సైజు ఒకటైనంత మాత్రాన బరువు ఒకటి కాదు. జపాన్ ఓఎస్ కంపెనీ 7.5 సీసీ ఇంజన్లలో 46 ఎల్‌ఏ సుమారు 270 గ్రాములు, బాల్ బేరింగులున్న 46 ఏఎక్స్ సుమారు 375. సైలెన్సర్ అదనం. ముక్కు బరువెక్కితే తోకలో సీసం పెట్టాలి. పైగా ఇంధనం ఎగిరేకొద్దీ తరుగుతుంది, బ్యాటరీ తరగదు.

ఇప్పుడు అక్కడ అద్దాల మేడలున్నాయి. దగ్గర్లోనే రాయదుర్గంలో 2023లో టీ-వర్క్స్ తెరిచారు. డ్రోన్లు చేసే మన బడి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మా బ్యాచ్ ఇవ్వగలిగిన ఆస్తి ఇదే: మోటారొక్కటే తూచకండి, బ్యాటరీతో సహా అన్నీ కలిపి తూచండి. 2021 డ్రోన్ నిబంధనలు చూసేదీ మొత్తం బరువునే.