పోలీసు చిట్టాయు ప్రజల కన్నును

బందరులో కోనేరు సెంటరు మీదుగా నడచువారిలో పెద్దల నెవరిని కదిపినను 1930 నాటి కథ యొకటి చెప్పుదురు. ఉప్పుసత్యాగ్రహపు దినములలో తోట నరసయ్యనాయుడుగారు అచ్చట జాతీయపతాకము నెత్తబోగా పోలీసులు లాఠీలతో మోదిరి. స్పృహ తప్పువరకును ఆయన వెనుదీయలేదు. ఈ వృత్తాంతమును మన కందించినది యంత్రము కాదు. చూచినవారు చూడనివారికి చెప్పిరి; విన్నవారు తమ బిడ్డలకు చెప్పిరి. ప్రభుత్వమువారి భాషలో అట్టి పనికి శాంతిభద్రతల రక్షణ యని పేరు. బందరు నోటిలో అది దౌర్జన్యము. ఒక్క దినమున ఒక్కచోట జరిగిన పని రెండు చిట్టాలలో రెండు విధములుగా నెక్కినది.

నేడు వీనికి మూడవది తోడైనది, అది కెమేరా. గుడివాడలోను అవనిగడ్డలోను బిడ్డలను అమెరికాకు పంపిన తల్లిదండ్రులు రాత్రి భోజనములైన పిమ్మట సెల్‌ఫోనులో చూచు దృశ్యములలో, పోలీసులు నల్లవానిని పడద్రోయుటయో కాల్చుటయో తరచుగా కానవచ్చును. "ఇది వర్ణద్వేషమే" అని యొకరు, "వాడేమి చేసెనో మనకేమి తెలియును" అని మరియొకరు అప్పటికప్పుడే తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు పుట్టుచున్నది దృశ్యమునుండియా, చూచువాని మనస్సునుండియా? ఈ ప్రశ్నను మేము చరిత్ర వెంట కొంతదూరము అనుసరింపదలచితిమి.

తెల్లదొరల యేలుబడిలో పక్షపాతమును నిరూపించుటకు సాక్ష్యమే యక్కరలేకుండెను. అది చట్టములోనే వ్రాసియుండెను. 1883లో ఇల్బర్టు బిల్లు, యూరోపియనులను విచారించు అధికారమును భారతీయ న్యాయాధికారులకును ఈయబోగా తెల్లవారు మిన్ను విరిగి మీద పడినట్లు అల్లరి చేసిరి. 1884లో రాజీ కుదిరి, తెల్లవాడైన ముద్దాయి తనవారు సగమునకు తగ్గకుండ గల జూరీని కోరవచ్చునని నిర్ణయమైనది. 1923 నాటి చట్టము వచ్చువరకు ఈ భేదము చాలభాగము నిలిచియే యుండెను.

ఇక పోలీసుల పనిని అచ్చున కెక్కించుట యెంత ప్రమాదమో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితమే చెప్పును. 1908 మార్చిలో చిదంబరం పిళ్ళగారిని నిర్బంధించినపుడు తిరునల్వేలిలో అలజడి రేగి, కాల్పులలో ప్రజలు మరణించిరి. దానినిగూర్చి బెజవాడ "స్వరాజ్య" పత్రికలో వెలువడిన వ్యాసమునకు రాజద్రోహమను పేరు పెట్టి హరిసర్వోత్తమరావుగారిని చెరసాలకు పంపిరి. కాల్చినవారికి లేని శిక్ష వ్రాసినవారికి కలిగినది. బందరులో 1902లో పుట్టిన "కృష్ణాపత్రిక"ను 1907 మొదలు 1945 వరకు ముట్నూరి కృష్ణారావుగారు నడపుటవంటి పను లెంత సాహసములో దీనినిబట్టి యూహింపవచ్చును. 1930 మే 21న ధరాసనలో సత్యాగ్రహుల తలలపై లాఠీలు పడుచుండగా వెబ్ మిల్లరను అమెరికా విలేఖరి కన్నులార చూచి తంతి పంపెను. అధికారులు దాని నాపజూచిరి. తుదకది బయటపడి ప్రపంచమునందలి వేయికి మించిన పత్రికలలో అచ్చుపడినది. అమెరికా సెనేటులోను చదువబడినది. దెబ్బలు తినినవారు దేశమంతటను ఉండగా లోకమునకు నమ్మకము కలిగించుటకు పరదేశి కన్ను కావలసివచ్చెను. ఇది మనకు సంతోషము గొలుపు సంగతి కాదు.

ఇంతవరకు చెప్పినది వినుట కింపుగా నుండును, ఏలయన దెబ్బ తినినవారము మనము. రెండవ కథ యట్టిది కాదు. 1871లో పుట్టిన నేరజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి విస్తరించెను. కొన్ని కులములను పుట్టుకతోడనే నేరస్థులుగా చిట్టా కెక్కించుట, వ్రేలిముద్రలు తీయుట, వేళకు వేళకు హాజరు చెప్పించుట దాని పని. మన డెల్టాకు పొరుగున, బాపట్ల చెంత స్టువర్టుపురమున సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణములో ఎరుకలవారికి సెటిల్మెంటు వెలసినది ఆ చట్టము నీడలోనే. దొంగిలించినవాడును దొంగిలింపనివాడును ఆ చిట్టాకు ఒక్కటే. పేరున్నది కనుక అనుమానము. అనుమానమున్నది కనుక నిర్బంధము. నిర్బంధమైనది కనుక పేరెదుట మరియొక గీత. మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దైనది. ఊరికి పడిన మచ్చ మాత్రము రద్దు కాలేదు. తరువాతి సినిమాలు ఆ యూరిపేరును దొంగకు మారుపేరుగా వాడుకొనినవి. మా బడిలో ఒక బాలుడు పెన్సిలు పోయినదని తోటివానిని ఆ పేరుతో పిలుచుట మేము చెవులార వింటిమి. వాడా యూరు చూచి యెరుగడు. దొరలు చేసిన చట్టమని మనము తప్పించుకొనవచ్చును. కాని ఠాణాలలో ఆ చిట్టాలు నింపిన చేతులలో అధికభాగము మనవారివే.

కెమేరా వచ్చినంతమాత్రమున ఇట్టి చిట్టాలు చెరిగిపోవునని తొలుత చాలమంది యాశించిరి. 1991 మార్చి 3న లాస్ ఏంజెలెసులో పోలీసులు రాడ్నీ కింగను నల్లవానిని లాఠీలతో కొట్టుచుండగా జార్జి హాలిడే అను గృహస్థుడు తన మేడనుండి చిత్రము తీసెను. లోకమంతయు చూచినది. కాని 1992 ఏప్రిలు 29న జూరీ నలుగురు పోలీసులలో ఒక్కనిని కూడ దోషి యనలేదు. ప్రతివాదుల న్యాయవాదులు ఆ చిత్రమును నిదానించి, ముక్కముక్కలుగా నాపి చూపించి, కింగు కదలిన ప్రతి కదలికకు ఒక భయమును, ఆ భయమునకు ఒక దెబ్బను జతపరచిరి. మొత్తముగా చూచినపుడు దౌర్జన్యముగా నున్నది, విడివిడిగా చూచినపుడు విధినిర్వహణముగా కనబడినది! నగరము తగులబడినది. మరుసటి యేడు ఫెడరలు న్యాయస్థానమున ఇరువురికి శిక్ష పడినది.

మన ముసలివారికి దగ్గరగా వచ్చు ఉదంతము మరియొకటి గలదు. మనుమని ఆలనకై గుజరాతునుండి అలబామాలోని కుమారుని యింటికి వచ్చిన సురేశభాయి పటేలు, 2015 ఫిబ్రవరిలో ఒక ఉదయమున ఇంటిముందు వీథిలో నడచుచుండెను. బక్కపలుచని నల్లవాడొకడు తిరుగుచున్నాడని పొరుగువాడు పోలీసులకు ఫోను చేసెను. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసువాడు నేలకు పడగొట్టగా వెన్ను దెబ్బతిని అవయవములు పట్టుతప్పెను. అంతయు పోలీసుకారు కెమేరాలో నున్నది. ఇరుమారులు కూర్చున్న జూరీలు ఏకాభిప్రాయమునకు రాలేకపోయినవి. 2016లో న్యాయాధిపతి ఆ పోలీసును విడిచిపెట్టెను. కెమేరా నడకను చూపినది. నడచువానిని అనుమానింపజేసిన పొరుగువాని కన్నును చూపలేదు.

తెలుగు ఇండ్లను కలచివేసినది సియాటిలు ఉదంతము. ఆదోనికి చెందిన కందుల జాహ్నవి, ఇరువదిమూడేండ్ల విద్యార్థిని, 2023 జనవరి 23 రాత్రి పాదచారుల గీతలపై వీథి దాటుచుండగా పోలీసుకారు గ్రుద్ది మరణించినది. గంటకు 25 మైళ్లు మించరాని వీథిలో ఆ కారు 74 మైళ్ల వేగము నందుకొనెనని దర్యాప్తులో తేలెను. అది తెలిసియు లోకము పెద్దగా కదలలేదు. సెప్టెంబరులో వేరొక వీడియో వెలువడెను. కారు నడిపినవాడు మత్తులో నున్నాడేమోయని పరీక్షింపవచ్చిన అధికారి, పోలీసుసంఘమునకు ఉపాధ్యక్షుడు, తన సంఘాధ్యక్షునితో ఫోనులో మాటాడుచుండగా అతని యెదపైనున్న కెమేరా పనిచేయుచునే యుండెను. పదునొకండువేల డాలరులకు చెక్కు వ్రాసిన చాలుననియు, ఆమె విలువ స్వల్పమనియు నవ్వుచు పలికెను. ఆమె వయస్సును సైతము 26 అని తప్పుగా చెప్పెను.

ఆ నవ్వు విని ఆడపిల్లను అమెరికాకు పంపిన యే తల్లి కంటికి కునుకు వచ్చును? మేమును ఆనాడు వర్ణద్వేషమని తీర్పు చెప్పినవారిలోనివారమే. పిమ్మట నిదానించి చూడగా, ఆ కెమేరాకు చిక్కినది సంభాషణలో సగమే. అవతలివాని మాట వినబడదు. ఇట్టి దావాలలో న్యాయవాదులు ప్రాణమునకు వెలకట్టు తీరును ఎగతాళి చేసితినని ఆయన సమాధానము. తాత్కాలిక పోలీసధిపతి స్యూ రాహరు 2024 జూలైలో ఆయనను పనినుండి తొలగించుచు, ఆ క్రూరమైన నవ్వు ఆ కుటుంబమునకు చేసిన గాయము మానదని ప్రకటించిరి. ఆయన మనస్సులో జాతిద్వేషము కలదో లేదో ఆ వీడియోను వందమారులు చూచినను మేము చెప్పజాలము. ఒక బిడ్డ చావు అతనికి నవ్వులాటయైనదని మాత్రము ఒక్కమారు చూచి చెప్పగలము.

కాని ఆమెను చంపినది నవ్వు కాదు, వేగము. కారు నడిపినవానిపై తీవ్రనేరము మోపుటకు సాక్ష్యము చాలదని 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటరు తేల్చెను. 5,000 డాలరుల జరిమానా చీటీయు, 2025 జనవరిలో ఉద్యోగమునుండి తొలగింపును మాత్రము కలిగినవి. సియాటిలు పోలీసుల బలప్రయోగముపై ఫిర్యాదులు నిజమని తేల్చి, పక్షపాతమునుగూర్చియు సందేహము తెలిపిన ప్రభుత్వ దర్యాప్తు ఫలితముగా ఆ శాఖ 2012 మొదలు ఫెడరలు న్యాయస్థానపు పర్యవేక్షణలో నుండెను. ఆ పర్యవేక్షణలో అధికభాగము 2023 సెప్టెంబరు 7న ముగిసినది. నవ్వు వీడియో కొలదిదినములకే బయటపడినది. పక్షపాతమును ఒక మనుష్యుని ముఖములో వెదకుటకు కెమేరా మనకు మరిగించినది. ఒక శాఖ పద్ధతులలో, వేగమునకు ఈయబడు అనుమతులలో, ఏండ్ల తరబడి పేరుకొనిన కాగితములలో వెదకు ఓపిక మనకు లేదు.

ఈ యిండ్లలోనే 2020 మే నెలలో చూచిన దృశ్యమొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. విశాఖపట్నమున నడివీథిలో డాక్టరు సుధాకరును ఒంటిపై చొక్కా లేకుండ, చేతులు వెనుకకు కట్టి పోలీసులు ఆటోలో నెక్కించిరి. ఆయన నర్సీపట్నపు ప్రభుత్వాసుపత్రిలో మత్తువైద్యుడు, దళితుడు. మాస్కులు లేవని బహిరంగముగా చెప్పి అంతకుముందే సస్పెండైనవాడు. త్రాగి రభస చేసెనని పోలీసులనిరి. హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించినది; మరుసటి యేడు ఆయన మరణించెను. ఆ వీడియో చూచినపుడు మే మెరిగిన ఇండ్లలో మొదటి ప్రశ్న "ఏ కులము?", రెండవది "ఏ పార్టీ?", మూడవది "నిజముగా త్రాగియుండెనా?". కట్టిన చేతులనుగూర్చి అడిగినవారు తక్కువ. సియాటిలు నవ్వునకు కన్నీరు పెట్టినవారును వీరే.

2020 డిసెంబరు 2న సుప్రీముకోర్టు దేశమునందలి ప్రతి పోలీసుఠాణాలోను మాటయు వినబడు కెమేరాలు పెట్టవలెనని యాజ్ఞాపించినది. బందరు, గుడివాడ, అవనిగడ్డ ఠాణాలకును అది వర్తించును. అవి పనిచేయకున్న సంగతిపై 2025 సెప్టెంబరులో ఆ న్యాయస్థానమే తనంత తాను విచారణ చేకొనెను. ఆ దృశ్యములను పదునెనిమిది నెలలు, అది సాధ్యపడనిచో కనీసము ఒక సంవత్సరము భద్రపరుపవలెను. ఠాణాలో దెబ్బ తినినవాడు మానవహక్కుల సంఘముద్వారా గాని న్యాయస్థానముద్వారా గాని వానిని తెప్పింపవచ్చును. ఈ గడువు తెలియక, ఊరి పెద్దలు రాజీ కుదుర్తురని యేడాదిన్నర యెదురుచూచి పిమ్మట అడిగినవానికి చూపుటకు ఆ పెట్టెలో నేమియు మిగిలియుండదు.