సీతాఫలం: పాలమూరు గుట్టలకెక్కిన పరదేశి పండు

అమెరికా ఉష్ణమండలపు పాషన్ ఫ్రూట్ జాతి తీగలు తెలుగు నేలకు వచ్చి పెరటి పందిళ్లపై కృష్ణకమలంగా, కౌరవ పాండవ పువ్వుగా పేరు తెచ్చుకున్నా, బ్రెజిల్ ప్రజలు మరకుజా అని పిలిచి రసాలలో, తీపి వంటకాలలో విరివిగా వాడుకునే ఆ పండు ఇక్కడి వంటింటి గడప దాటలేదు. అదే అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన సీతాఫలం మాత్రం పాలమూరుకు సొంత పంటగా మారింది. కర్నూలుకు సాగే జాతీయ రహదారిపైనే, హైదరాబాదుకు దగ్గరగా ఉన్న బాలానగర్ పేరు నేడు దేశమంతటా ఒక మేలురకం సీతాఫలానికి గుర్తు.

ఈ చెట్టుకు 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయనామం అనోనా స్క్వామోసా. పొలుసుల వంటి తొక్క గలదని రెండవ పదానికి అర్థం. భర్హుత్ శిల్పాలలో సీతాఫలం ఉందని పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ భావించినా ఆ పోలికను అందరూ అంగీకరించలేదు. ఈ అనోనా ప్రజాతి వన్యజాతులు అమెరికాలో ఎంత విస్తారంగా ఉన్నాయో చూస్తే పోర్చుగీసు నౌకలు దీన్ని తెచ్చాయనే వాదమే బలమైనది. మలయాళంలోని 'ఆత్త' అనే పేరు మెక్సికోలోని 'అతె'ను గుర్తుచేస్తుంది. తెలుగులో ఆ జాడే లేదు. చల్లదనాన్ని చెప్పే 'శీత' శబ్దం నుంచి పేరు పుట్టిందనే వారున్నా, ఇదే కుటుంబానికి చెందిన మరి రెండు అమెరికా పండ్లను రామాఫలం, లక్ష్మణఫలం అని పిలిచిన జనం సీతమ్మనే తలచుకున్నారనడం న్యాయం.

వానాధారపు రాతినేలలో బతకడం, ఎండాకాలానికి ఆకు రాల్చి నీటిని పొదుపు చేసుకోవడం, మేకలు ఆకును ముట్టకపోవడం ఈ చెట్టును గుట్టలపై నిలబెట్టాయి. దసరా, దీపావళి రోజుల్లో కాయపై కళ్లు విచ్చుకుని వాటి మధ్య గాళ్లు లేత పసుపు తిరిగితే కోతకొచ్చినట్టు. గడ్డిలో మగ్గబెట్టిన పండు రెండు మూడు రోజులకు మించి నిలవదు గనుక గంపలకెత్తి వెంటనే అమ్ముకోవాలి.

గుజ్జును మరిగిస్తే చేదెక్కుతుంది. అందుకే ఎక్కడైనా దీని వంటకాలు చల్లనివే. చిలీలో దీని సోదరజాతి చెరిమోయాను నారింజ రసంలో కలిపి తింటారు, క్యూబాలో లక్ష్మణఫలం గుజ్జును పాలతో కలిపి చంపోలా చేస్తారు. మహారాష్ట్ర బాసుంది కూడా పాలు మరిగి చల్లారాకే గుజ్జును కలుపుకుంటుంది. హైదరాబాదు మొజంజాహి మార్కెట్ ఐస్‌క్రీమ్‌లో పాలమూరు గుట్టల తీపి పట్నానికి చేరింది.

1908లో ఫ్లోరిడాలో ఉద్యాన శాస్త్రవేత్త వెస్టర్ చెరిమోయాతో సీతాఫలాన్ని సంకరం చేయగా పుట్టిన అటెమోయా నుంచే తర్వాత బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ 'అర్క సహన్'ను రూపొందించింది. అందులో గింజలు తక్కువ, గుజ్జు ఎక్కువ. గుట్టమీది చెట్టు మాత్రం నేటికీ తిన్నవారు ఉమ్మిన గింజ నుంచే మొలుస్తోంది.