సజీవ్ జాన్

సజీవ్ జాన్ (జననం: 1957) భారత సంతతికి చెందిన కెనడా భౌతిక శాస్త్రవేత్త. 1984లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1989లో టొరంటో విశ్వవిద్యాలయంలో చేరాడు.

ఫోటానిక్ స్ఫటికాలు

కాంతి తరంగదైర్ఘ్యంతో పోల్చదగిన దూరాలలో వక్రీభవన గుణకం క్రమబద్ధంగా మారుతూ ఉండే పదార్థాన్ని ఫోటానిక్ స్ఫటికం అంటారు. అర్ధవాహకంలో ఎలక్ట్రానులకు నిషిద్ధ శక్తి పట్టీ ఉన్నట్లే, ఇందులో కొన్ని పౌనఃపున్యాల కాంతి ప్రసరించలేదు. 1987లో సజీవ్ జాన్, ఎలీ యబ్లొనోవిచ్ వేర్వేరుగా ఈ భావనను ప్రతిపాదించారు. పరమాణువుల స్వచ్ఛంద కాంతి ఉద్గారాన్ని నిరోధించడం యబ్లొనోవిచ్ ఉద్దేశం కాగా, కాంతిని ఒకచోట బంధించడం జాన్ లక్ష్యం. 2000లో జాన్ భాగస్వామిగా ఉన్న బృందం, 1.5 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద అన్ని దిశలలోను కాంతిని నిరోధించే సిలికాన్ స్ఫటికాన్ని తయారుచేసింది.

సౌర ఘటాలు

సౌర ఘటం పలుచనైతే కాంతిని తక్కువగా శోషిస్తుంది; మందమైతే విద్యుదావేశాలు ఎలక్ట్రోడులను చేరకముందే కొంత నశిస్తాయి. సేంద్రియ ఘటాలలో ఆవేశాల చలనశీలత స్వల్పం కావున ఈ చిక్కు మరింత తీవ్రం. వాటి క్రియాశీల పొర మందం తరచు 100 నానోమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. పొరను ఫోటానిక్ స్ఫటికంగా మలచినపుడు కాంతి పక్కకు మళ్ళి, అందులోనే ఎక్కువసేపు నిలిచి శోషింపబడుతుంది. ఈ పద్ధతితో 15 మైక్రోమీటర్ల మందం గల సిలికాన్ ఘటం సుమారు 31 శాతం సామర్థ్యాన్ని సాధించగలదని జాన్ బృందం 2019లో గణించింది. ఇది కంప్యూటర్ గణన ఫలితమే గాని ప్రయోగశాలలో కొలిచిన విలువ కాదు.

పురస్కారాలు

- కింగ్ ఫైసల్ అంతర్జాతీయ పురస్కారం (2001), చెన్ నింగ్ యాంగ్‌తో కలిసి
- గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్ కెనడా స్వర్ణ పతకం (2021)