రుచి పోయిన పిదప

ఇంగ్లీషులో రుచిని చెప్పే మాటలు అనేకం. వాటన్నిటికీ ‘రుచి’ అనియే వ్రాసే అనువాదకుడు తప్పు చేసినట్లు పైకి కనబడదు. కాని ఆ మాటలు వేర్వేరు త్రోవల వచ్చినవి. వాటి అర్థభేదం ఆ త్రోవలలోనే ఉన్నది.

‘స్మాక్’ అన్నది ఇంగ్లీషునకు సొంత ఆస్తి. ప్రాచీనాంగ్లంలో దానికి రుచి అనియే అర్థం; జర్మన్ ‘గెష్మాక్’ దానికి జ్ఞాతి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచి పదాలు వెల్లువగా వచ్చినవి. ‘టేస్ట్’ అట్లు వచ్చినదే. మొదట అది చేతి స్పర్శను కూడా చెప్పేది. క్రమంగా నాలుకకే పరిమితమైనది. ‘సేవర్’ లాటిను ‘సాపొర్’ సంతతి. దాని ధాతువునకు రుచి చూచుట, వివేకం కలిగియుండుట అని రెండర్థాలు. 1758లో లినేయస్ మానవజాతికి పెట్టిన ‘హోమో సేపియన్స్’ అనే పేరులో ఉన్నది ఆ ధాతువే. ‘స్మాక్’ మాత్రం పలుచబడి, నేడు మాటలోనో చేతలోనో పొడగట్టే లేశమాత్రపు వాసనను సూచిస్తున్నది.

నోట నిలిచే రుచిని చెప్పిన మాటలు ముఖ్యంగా రెండు. ‘టాంగ్’ స్కాండినేవియా భాషల నుండి వచ్చినది. దాని మూలార్థం మొన. అందుచేతనే అది గుచ్చే రుచి. 1755లో వెలువడిన జాన్సన్ నిఘంటువు దానికి తీవ్రమైన రుచి, నోట మిగిలే రుచి అనే అర్థాలు ఇచ్చినది. ‘రెలిష్’ ప్రాచీన ఫ్రెంచిలో శేషం, విడిచిపెట్టబడినది. అది ఇంగ్లీషులో రుచియై, పిదప ఇష్టమై, తుదకు నంజుకొనే పచ్చడికి పేరైనది. శేషాన్ని చెప్పిన మాటలో ఆ శేషార్థమే నేడు మిగలలేదు. ఆ పని ఇప్పుడు ‘ఆఫ్టర్‌టేస్ట్’ అనే సమాసం చేస్తున్నది.

ఈ భేదం మన దేశానికి కొత్త కాదు. మొదట స్పష్టంగా తెలిసేది రసమనీ, అస్పష్టంగా, తరువాత తెలిసేది అనురసమనీ చరకసంహిత విభజించినది. ‘రుచి’ అనే మాటకు సంస్కృత ధాతువులో ప్రకాశించుట అని అర్థం. నాలుకకు నచ్చుట దాని వెంట వచ్చినది. కనుక ‘టాంగ్’ ఉన్నచోట ‘రుచి’ అని వ్రాస్తే మొన విరిగిపోతుంది. పాత గ్రంథాలలోని ‘రెలిష్’కు అట్లే వ్రాస్తే శేషం పోతుంది. మొదటిదానికి చురుకు, రెండవదానికి అనురసం అనే మాటలు మనకు ఉన్నవి. వాటిని వాడనిచో, రెండు భాషలు వేరువేరుగా గుర్తించిన ఒక అనుభవం అనువాదంలోనే అంతరిస్తుంది.