పానిక్ డిజార్డర్ చికిత్సలో మందులు

పానిక్ డిజార్డర్ అనేది ముందస్తు సూచన లేకుండా, పదేపదే తీవ్రమైన భయం ముంచుకొచ్చే మానసిక రుగ్మత. దీనిని తెలుగులో తీవ్ర భయాందోళన రుగ్మత అని కూడా అంటారు. గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం, చేతులు తిమ్మిరెక్కడం, ప్రాణం పోతుందన్న భావన దీని ముఖ్య లక్షణాలు. ఈ స్థితి సాధారణంగా పది నిమిషాలలోపే తారస్థాయికి చేరి, తరువాత తగ్గుముఖం పడుతుంది. గుండెపోటు అనుకుని చాలామంది ముందుగా గుండె వైద్యుని వద్దకే వెళ్తారు. అది సరైనదే. గుండె జబ్బు, థైరాయిడ్ దోషం లేవని తేలిన తరువాతనే ఈ రుగ్మతను నిర్ధారించాలి.

చరిత్ర

1960ల ఆరంభంలో అమెరికా వైద్యుడు డోనాల్డ్ క్లైన్, ఇమిప్రమిన్ అనే మందు ఈ హఠాత్ భయాలను అదుపు చేస్తున్నదని గమనించాడు. సాధారణ ఆందోళన వేరు, ఇది వేరు అనే ఆలోచనకు ఆ పరిశీలనే ఆధారమైంది. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వర్గీకరణలో దీనిని ప్రత్యేక రుగ్మతగా చేర్చింది.

మందుల ఎంపిక

ప్రస్తుతం మొదటగా ఎంచుకొనేవి సెరటోనిన్‌పై పనిచేసే ఎస్.ఎస్.ఆర్.ఐ. తరగతి మందులు. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పెరాక్సిటిన్ వీటిలో కొన్ని. ఇవి అలవాటుగా మారే మందులు కావు, కానీ ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. పైగా తొలి రోజులలో ఆందోళన కొంత పెరగవచ్చు. అందుచేత సెర్ట్రలిన్‌ను 25 మి.గ్రా. వంటి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతారు. ఈ సంగతి ముందే చెప్పకపోతే, మందు పడలేదని రోగి మొదటి వారంలోనే మానివేసే ప్రమాదం ఉంది. గుణం కనిపించిన తరువాత కూడా అనేక నెలలు, తరచుగా ఒక సంవత్సరం వరకు కొనసాగించి, ఆపై నెమ్మదిగా తగ్గిస్తారు. గర్భిణులకు పెరాక్సిటిన్ సాధారణంగా ఇవ్వరు. దడకు వాడే ప్రొప్రనలాల్ ఈ రుగ్మతకు తగిన చికిత్స కాదు. ఉబ్బసం ఉన్నవారికి అది హానికరం కూడా.

రెండవ వర్గం బెంజోడయజిపైన్లు: ఆల్ప్రజోలం, క్లోనజిపామ్ మొదలైనవి. ఇవి గంటలోపే ఉపశమనమిస్తాయి. వీటి ఆకర్షణా, ప్రమాదమూ అదే. కొన్ని వారాలు వరుసగా వాడితే శరీరం అలవాటుపడుతుంది. హఠాత్తుగా ఆపితే నిద్రలేమి, వణుకు, కొందరిలో మూర్ఛ వస్తాయి. మద్యంతో కలిస్తే శ్వాస మందగించి ప్రాణాపాయం కలుగవచ్చు. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ పానిక్ డిజార్డర్‌కు వీటిని వాడవద్దని సూచిస్తుంది. అమెరికా మనోవైద్యుల సంఘం మాత్రం 2009 మార్గదర్శకాలలో తగిన రోగులకు వీటిని అనుమతించింది. ఎస్.ఎస్.ఆర్.ఐ. పనిచేయడం మొదలయ్యే వరకు కొద్ది వారాలు తోడుగా ఇవ్వడం ఆచరణలో ఉన్న మధ్యేమార్గం.

మందులే కాక, ఆలోచనా ధోరణిని, ప్రవర్తనను సరిదిద్దే మానసిక చికిత్స కూడా దాదాపు అంతే ఫలితమిస్తుంది.

ఆల్ప్రజోలం దుర్వినియోగం

ఈ మందుకు శరీరం ఎంతగా బానిస అవుతుందో తెలుగువారికి చూపినది ఆసుపత్రి కాదు, కల్లు దుకాణం. తెలంగాణలోని పలు జిల్లాలలో కల్లులో ఆల్ప్రజోలం, డయజిపామ్ కలిపి అమ్మిన ఉదంతాలు ఉన్నాయి. 2015లో ప్రభుత్వం కల్తీని కట్టడి చేయగా, నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో కల్లు అలవాటైనవారు మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులలో చేరారు. ఆల్ప్రజోలం మత్తుపదార్థాల నియంత్రణ చట్టం (1985) పరిధిలోకి వస్తుంది. 2014 మార్చి నుండి ఇది షెడ్యూల్ హెచ్1లో కూడా ఉంది. అందువలన మందుల షాపువారు వైద్యుని చీటీ చూసి, వివరాలు ప్రత్యేక పుస్తకంలో నమోదు చేయాలి.

గోదావరి జిల్లాలలో

మోతాదు సరిచూడటానికి మొదటి వారాలలో వైద్యుని మళ్ళీ కలవడం అవసరం. కోనసీమ లంకలలోని రోగికి ఇది తేలిక కాదు. దగ్గరి షాపులో దొరికే మాత్ర వైపు మొగ్గడానికి ఇదొక కారణం. కాకినాడలో 1958లో ఏర్పడిన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రి ఉంది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులలో కూడా ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ప్రత్యేక ప్రభుత్వ మానసిక వైద్యశాల విశాఖపట్నంలో ఉంది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవను 14416 నంబరు ద్వారా ఉచితంగా పొందవచ్చు.