ఇటలీలో అద్దె ఇంటికి కరెంటు, గ్యాస్: తాళాలు తీసుకునే రోజునే చూసుకోవలసినవి

ఉద్యోగాల మీదా, పై చదువులకీ మిలాన్, టురిన్, రోమ్ లాంటి నగరాలకు వచ్చే మన వాళ్ళు ఇల్లు వెతకటానికి పడే శ్రమలో పదో వంతు కూడా కరెంటు, గ్యాస్ ఖాతాల మీద పెట్టరు. "ఇల్లు దొరికింది కదా, మిగతావి ఓనరు చూసుకుంటాడులే" అనుకుంటాం. మన ఊళ్ళో అద్దె ఇంటి మీటరు మామూలుగా ఓనరు పేరు మీదే ఉంటుంది, మనం నెలనెలా బిల్లు కట్టేస్తే సరిపోతుంది. ఇటలీలో మాత్రం దీర్ఘకాలం అద్దెకు తీసుకున్న ఇంట్లో ఈ ఖాతాలు సాధారణంగా అద్దెకు దిగినవారి పేరు మీదకే మారతాయి. ఆ పని చేసుకోవలసింది కూడా మనమే.

ఇక్కడ ఇళ్ళు మారుతూ, కొత్తగా వచ్చిన మిత్రులకు ఫారాలు నింపి పెడుతూ నేను గమనించింది ఒకటే. ఎంత ఖర్చు, ఎన్ని రోజులు, ఏ కాగితాలు అన్నవన్నీ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉన్నాయి: మీరు తాళాలు తీసుకునే రోజున మీటరు నడుస్తోందా, మూసేసి ఉందా?

నాలుగు పరిస్థితులు, నాలుగు పేర్లు

కంపెనీకి ఫోన్ చేయగానే వాళ్ళు అడిగేది ఇదే. సరైన మాట చెబితే పని సగం అయిపోయినట్టే.

1. వొల్తూరా: మీటరు నడుస్తోంది, పాత అద్దెదారు పేరో ఓనరు పేరో ఉంది. పేరు మార్పు మాత్రమే. సరఫరా ఒక్క నిమిషం కూడా ఆగదు.

2. సుబెంత్రో: మీటరు ఉంది, కానీ పాత కాంట్రాక్టు రద్దయి సరఫరా ఆగిపోయింది. కొత్త కాంట్రాక్టు తీసుకుని మళ్ళీ తెరిపించుకోవాలి.

3. ప్రీమా అత్తివత్సియోనె: కొత్త ఇల్లు. మీటరు బిగించారు గానీ ఇంతవరకు ఎవరూ వాడలేదు.

4. అల్లాచ్చో: అసలు మీటరే లేదు. వీధిలోంచి లైను లాగాలి. అద్దె ఇళ్ళలో ఇది చాలా అరుదు.

మనలో ఎక్కువమందికి మొదటి రెండే వస్తాయి. వాటి మధ్య తేడా చిన్నది కాదు. సుబెంత్రో అయితే కరెంటు తెరవటానికి మీ కంపెనీ దరఖాస్తు పంపాక డిస్ట్రిబ్యూటరుకు 5 పనిదినాల గడువు ఉంటుంది, గ్యాస్‌కు 10 పనిదినాలు. కంపెనీ కాగితాలు చూసుకునే రోజులు దీనికి అదనం. శని ఆదివారాలు, పండుగ సెలవులు కలుపుకుంటే గ్యాస్‌కు రెండు వారాలు దాటటం మామూలే. కరెంటు మీటరును దూరం నుంచే ఆన్ చేస్తారు. గ్యాస్ మీటరు సీలు తీయటానికి మాత్రం మనిషి రావాలి, ఆ సమయానికి మీరు ఇంట్లో ఉండాలి.

నాకు తెలిసిన ఒక కుటుంబం నవంబరులో ఇల్లు మారింది. పాత అద్దెదారు వెళ్ళిపోతూ గ్యాస్ కాంట్రాక్టు రద్దు చేసుకున్నాడు, ఓనరు ఆ సంగతి చెప్పలేదు. ఏడాదిన్నర పాపతో రెండు వారాలకు పైగా హీటింగ్ లేదు, వేడినీళ్ళు లేవు. కరెంటు కెటిల్‌తో నీళ్ళు కాచి పాపకు స్నానం చేయించారు. అందుకే అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందే ఓనరును అడగండి: "రెండు మీటర్లూ నడుస్తున్నాయా? పాత అద్దెదారు రద్దు చేయకుండా నాకు వొల్తూరాకి వదిలిపెడతాడా?" ఈ ఒక్క మాటతో ఎన్నో రోజులు కలిసొస్తాయి.

అమ్మేవాడు వేరు, తెచ్చేవాడు వేరు

వైర్లు, పైపులు, మీటర్లు డిస్ట్రిబ్యూటరువి. ప్రాంతానికి ఒకరే ఉంటారు, వాళ్ళను మనం ఎంచుకోలేం. దేశంలో ఎక్కువ చోట్ల కరెంటుకు ఎ-దిస్త్రిబుత్సియోనె, రోమ్‌లో అరేతి, మిలాన్‌లో ఉనారేతి ఉన్నాయి. బిల్లు పంపే కంపెనీ వేరు, దాన్ని మనమే ఎంచుకోవచ్చు. కంపెనీ మారినంత మాత్రాన మీటరు మారదు, సరఫరా ఆగదు. గ్యాస్ వాసన వచ్చినా, వీధి లైనులో లోపం వచ్చినా పిలవవలసింది డిస్ట్రిబ్యూటరు అత్యవసర నంబరుకు, అమ్మే కంపెనీకి కాదు. ఆ నంబరు ప్రతి బిల్లు మీదా ఉంటుంది. చేరిన రోజునే ఫోన్‌లో దాచుకోండి.

చేతిలో ఉండవలసినవి

- కరెంటుకు "పాడ్" కోడు. ఐ.టి. అక్షరాలతో మొదలయ్యే 14 లేదా 15 అక్షరాల కోడు.
- గ్యాస్‌కు "పి.డి.ఆర్." నంబరు. 14 అంకెలు.
- కోదిచె ఫిస్కాలె (16 అక్షరాల పన్ను కోడు), పాస్‌పోర్టు లేదా గుర్తింపు కార్డు.
- అద్దె ఒప్పందం. ఇంట్లో ఉండే హక్కు మీకు ఉందని చూపటం 2014 నాటి చట్టం ప్రకారం తప్పనిసరి. ఒప్పందం రిజిస్టరు అయిన కాగితం ఓనరు దగ్గర అడిగి తీసుకోండి.
- చేరిన రోజు మీటరు రీడింగులు.
- వొల్తూరా అయితే పాత ఖాతాదారు పేరు, వీలైతే వాళ్ళ పాత బిల్లు ఒకటి.
- బ్యాంకు ఐబాన్ నంబరు.

కోడ్లు రెండూ పాత బిల్లు మీద ఉంటాయి. బిల్లు దొరకకపోతే కరెంటు మీటరు బటన్ నొక్కుతూ పోండి, కొత్త రకం మీటర్లు పాడ్ కోడు చూపిస్తాయి, పాతవి కస్టమరు నంబరు చూపిస్తాయి. రీడింగులను తేదీ కనపడేలా ఫోటో తీసి ఓనరుకు కూడా పంపండి. రేపు పాత అద్దెదారు వాడకం మీ బిల్లులో కలిస్తే మీ దగ్గర ఉండే సాక్ష్యం అదే.

పాత అద్దెదారు బాకీ పెట్టి పోయాడని భయపడకండి. అతనితో మీకు సంబంధం లేకపోతే ఆ బాకీ మీది కాదు. ఆ బాకీతో సంబంధం లేదని రాసి సంతకం పెట్టమని కంపెనీ అడగవచ్చు, రాసి ఇవ్వండి.

జర్మనీ నుంచో, నెదర్లాండ్స్ నుంచో మారి వచ్చినవారు ఆ దేశపు ఐబాన్ ఇవ్వవచ్చు. యూరో చెల్లింపులకు సెపా ప్రాంతంలోని ఏ దేశపు ఖాతానైనా అంగీకరించాలని యూరోపియన్ యూనియన్ 2012 నాటి నిబంధన చెబుతోంది. ఆటోమేటిక్ డెబిట్ పెట్టుకుంటే మామూలుగా డిపాజిట్ అడగరు. పోస్టాఫీసులో కడతామంటే డిపాజిట్ మొదటి బిల్లులో వస్తుంది.

"రెసిదెంతె" అనే గడి

కాంట్రాక్టులో "రెసిదెంతె", "నాన్ రెసిదెంతె" అని రెండు గడులు ఉంటాయి. తొందరలో చాలామంది చూసుకోకుండా దాటిపోయేది ఇక్కడే. మునిసిపాలిటీ రిజిస్టరులో ఆ చిరునామా మీ నివాసంగా నమోదైతేనే మీరు రెసిదెంతె. వాళ్ళకు 3 కిలోవాట్ల వరకు ఉన్న కాంట్రాక్టులో నెలకు మొదటి 150 యూనిట్ల మీద ఎక్సైజ్ పన్ను ఉండదు. నాన్ రెసిదెంతె అయితే ఆ మినహాయింపు లేదు, పైగా వాడినా వాడకపోయినా ఏటా కట్టే స్థిర ఛార్జీ ఉంటుంది. కొత్తగా వచ్చినప్పుడు నాన్ రెసిదెంతెగా మొదలుపెట్టినా, నివాసం నమోదైన వెంటనే కంపెనీకి రాయండి. వాళ్ళంతట వాళ్ళు మార్చరు.

రెసిదెంతె అయ్యాక బిల్లులో ఇంకొకటి కనిపిస్తుంది: టి.వి. లైసెన్సు రుసుము, "కానొనె రాయి". 2016 నుంచి దీన్ని కరెంటు బిల్లులోనే వసూలు చేస్తున్నారు. 2025లో ఇది 90 యూరోలు. ఇంట్లో టి.వి. లేకపోతే పన్నుల శాఖకు ఏటా డిక్లరేషన్ ఇవ్వాలి. ఏడాది మొత్తానికి మినహాయింపు కావాలంటే జనవరి 31 లోపు ఇవ్వాలి. ల్యాప్‌టాప్‌లో మన సినిమాలు చూసుకున్నంత మాత్రాన టి.వి. ఉన్నట్టు కాదు.

మూడు కిలోవాట్లు, మన వంటిల్లు

ఇళ్ళలో సాధారణ కాంట్రాక్టు 3 కిలోవాట్లు. 3.3 వరకు తేడా లేదు, దాని మీద ఎక్కువ సేపు లాగితే మీటరు పడిపోతుంది. ఓవెన్, వాషింగ్ మెషీన్, కెటిల్ ఒకేసారి పెడితే చీకటే. మన మిక్సీ, గ్రైండరు వాడుకోవచ్చు, ఇటలీలోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లే, ప్లగ్గు మారిస్తే సరి. గ్యాస్ లేక ఇండక్షన్ స్టవ్ ఉన్న ఇంట్లో మాత్రం 4.5 కిలోవాట్లకు పెంచుకోవటం గురించి ఆలోచించండి. పెంచాక స్థిర ఛార్జీ పెరుగుతుంది, 150 యూనిట్ల మినహాయింపు కూడా పోతుంది.

గ్యాస్ ఖాతా తెరిచే ముందు హీటింగ్ ఎలాంటిదో కనుక్కోండి. బిల్డింగ్ మొత్తానికి ఒకటే అయితే ఆ ఖర్చు మెయింటెనెన్సులో కలిసి వస్తుంది, మీ గ్యాస్ వంటకే. ఇంట్లోనే బాయిలర్ ఉంటే దాని రికార్డు పుస్తకం ఓనరు నుంచి తీసుకోండి, మామూలు సర్వీసింగ్ బాధ్యత మీదే. మిలాన్, టురిన్ ఉన్న జోన్‌లో హీటింగ్ కాలం అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోమ్‌లో నవంబరు 1 నుంచి మొదలు. గ్యాస్ మీద వ్యాట్ ఏడాదికి 480 క్యూబిక్ మీటర్ల వరకు 10 శాతం, ఆ పైన 22 శాతం.

ధర ఎంచుకోవటం

ప్రభుత్వ సంస్థ నిర్ణయించే పాత ధరల పద్ధతి మామూలు కుటుంబాలకు గ్యాస్‌లో 2024 జనవరిలో, కరెంటులో 2024 జూలైలో ముగిసింది. 75 ఏళ్ళు దాటినవారు, వికలాంగులు వంటి వర్గాలకు ప్రత్యేక రక్షణ కొనసాగుతోంది. మిగతా వారికి ధర కంపెనీ కాంట్రాక్టులో ఉన్నదే. ప్రకటనలు నమ్మకుండా, నియంత్రణ సంస్థ అరేరా ఆధ్వర్యంలోని "పోర్తాలె ఒఫెర్తె"లో మీ పిన్ కోడు, వాడకం ఇచ్చి ఏడాది మొత్తానికి అయ్యే ఖర్చును పోల్చి చూడండి. స్థిర ధర అయితే ఎన్ని నెలలకో, మారే ధర అయితే మార్కెట్ ధర మీద కంపెనీ ఎంత కలుపుతోందో చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. "మీ కాంట్రాక్టు ముగిసిపోతోంది, కోడు చెప్పండి" అని ఫోన్లు వస్తాయి. పాడ్, పి.డి.ఆర్. కోడ్లు చెప్పవద్దు. "సీ" అని కూడా అనవద్దు, రికార్డు చేసి కాంట్రాక్టు ఒప్పుకున్నట్టు చూపించినవారు ఉన్నారు. ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో చేసుకున్న కాంట్రాక్టును 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. పిలవకుండా ఇంటికొచ్చి చేయించుకున్నదైతే 30 రోజులు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు

ఓనరుతోనో, తరువాత వచ్చేవారితోనో మాట్లాడండి. వాళ్ళు వెంటనే చేరుతుంటే రద్దు చేయకుండా వొల్తూరాకి వదలండి, కోడ్లు, చివరి రీడింగులు రాసి ఇవ్వండి. ఎవరూ రావటం లేదంటేనే రద్దు చేయండి, లేకపోతే మీరు ఇండియాలో ఉన్నా బిల్లు మీ పేరు మీదే వస్తూ ఉంటుంది. మీ తరువాత ఆ ఇంట్లో దిగేది మరో తెలుగు కుటుంబమే కావచ్చు. చలికాలంలో వాళ్ళకు మొదటి రోజునే వేడినీళ్ళు వచ్చాయంటే, అది మీరు రాసి ఇచ్చిన ఆ నాలుగు అంకెల వల్లే.