సేనాని లెక్క: జనరల్ కృష్ణారావు చరిత్రము

యుద్ధమనగా మనకు రథములు, శంఖనాదములు తోచును. సేనకు అన్నము వండినవారిని, గుఱ్ఱములకు దాణా కొలిచినవారిని కవులు తలంచుట అరుదు. చిట్టా, ఆవర్జాలు వ్రాసికొని బ్రదుకు నాకు ఇది కొఱతగానే తోచును. కావున రజతోత్సవ సంచికకై ఒక సేనాని చరిత్రము వ్రాయుమని కార్యవర్గమువారు కోరగా, కత్తితోపాటు లెక్కయు నెఱిగిన తెలుగువాని నెన్నుకొంటిని.

జనరల్ కోటికలపూడి వేంకట కృష్ణారావు 1923 జూలై 16న జన్మించెను. 1942 ఆగస్టులో మహారు రెజిమెంటున అధికారిగా చేరెను. అదే నెల 12వ తేదీన మన తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలియైరి. ఒకరు దొరతనమునకు రొమ్మొడ్డుటయు, ఒకరు దాని సేనలో చేరుటయు ఒకే నెలలో జరిగినవి. బర్మా రంగమున పనిచేసిన ఆ యువకుడే 1947-48లో కాశ్మీరమున స్వతంత్ర భారతము పక్షమున నిలిచెను. ఈ రెంటిని తూచు త్రాసు నాయొద్ద లేదు.

ఆయన పేరు మ్రోగినది 1971 యుద్ధమున. తూర్పు బెంగాలులోని సిల్హెటు ప్రాంతమును గెలువవలసిన 8వ పర్వత డివిజనుకు ఆయన నాయకుడు. శత్రుబలము సిల్హెటులో స్వల్పముగా నున్నదని వార్త వచ్చెను. డిసెంబరు 7న గూర్ఖా పటాలమును హెలికాప్టర్లలో సుర్మా నది దాటించి అచ్చట దింపిరి. మన సేన ఇట్లు హెలికాప్టర్లలో పోయి శత్రువుపై దిగుట అదియే మొదలు. దిగినపిమ్మట తెలిసినది, లెక్క తప్పినదని! ఎదుట నున్నది పిడికెడు మంది కాదు, బ్రిగేడులకు బ్రిగేడులు. వెన్నంటి రావలసిన దళము రెండు దినములలో వచ్చుననుకొనగా, ఆ కొలదిమంది తొమ్మిది దినములు ఒంటరిగా నిలువవలసి వచ్చెను. తిండికిని, తూటాలకును ఎంత కటకటపడిరో ఊహింపుడు. వారు బెదరలేదు; తమ సంఖ్యను శత్రువునకు తెలియనీయలేదు. డిసెంబరు 16న ఢాకా లొంగిపోయిన పిమ్మట సిల్హెటులో ఆయుధములు దించిన శత్రుసైనికులు ఆఱువేలకు మించిరి. కృష్ణారావునకు పరమ విశిష్ట సేవా పతకము లభించెను.

విజయము పొందినవాడు సాధారణముగా తన లెక్క తప్పును మఱచును. నాకీయన గొప్పతనము 1975 పిమ్మటి పనిలో కనబడుచున్నది. 2000 సంవత్సరము వఱకు మన సేన ఎట్లుండవలెనో నిర్ణయించు నిపుణుల సంఘమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. కాలిబంటు దళములకు వాహనములెన్ని, టాంకులెన్ని, వెనుక సరఫరా యెంత అను పద్దులు పాతికేండ్ల ముందుచూపుతో వేయుట సామాన్యమా! మన వాడరేవు పడవవాడు మంచినీరు, మోకు, వల సరిచూడనిదే అల దాటడు. ఈయన దేశమునంతటిని అట్లు సరిచూచెను.

1981 జూన్ నుండి 1983 జూలై వఱకు భూసేనాధిపతిగా నుండెను. ఫిన్లాండున రష్యనుల నెదిర్చిన మానర్‌హైము సేనాని 1944లో ఆ దేశాధ్యక్షుడైనట్లు, ఈయనయు పాలకుడయ్యెను. ఈశాన్య రాష్ట్రములకును, మిక్కిలి కల్లోలదినములలో రెండు పర్యాయములు జమ్మూ కాశ్మీరమునకును గవర్నరుగా పనిచేసెను. అచ్చటి కష్టసుఖములు వేఱొక వ్యాసమునకు తగును.

దేశరక్షణమును గూర్చి ఆయన ఆంగ్లమున గ్రంథము వ్రాసెను. 2016 జనవరి 30న కన్నుమూసెను. ఆ గ్రంథము మన బీరువాలో లేదు. కొత్త పుస్తకముల పట్టీలో మొదటి పేరుగా వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిని.